రెండోసారి మోగే గేటు

పాత చర్చి వెనక బాట మంచిది కాదని ఆ ఊళ్లో అందరికీ తెలుసు. కానీ కొత్తవాళ్ల ముందు ఎవరూ పైకి అనరు. ఉత్తర ఇంగ్లండులో దెయ్యం గురించి మాట్లాడటం జీతం గురించి మాట్లాడినంత అమర్యాద. చీకటి పడితే చాలు — చలికాలం అక్కడ సాయంత్రం నాలుగింటికే పడుతుంది — జనం పెద్దరోడ్డు మీదుగా చుట్టు తిరిగి, అలా ఎందుకొచ్చారో చెప్పకుండా ఇళ్లు చేరతారు.

బాటకు ఈ చివర చర్చి ఆవరణల్లో పెంచే యూ చెట్టు ఒకటి, నల్లగా, గుబురుగా. మధ్యలో ఒరిగిపోయిన సమాధులు. ఆ చివర ఇనప గేటు. ఒక్క మనిషే దూరగలిగే తిరుగుడు గేటు అది. ఒకరు దాటాకే ఇంకొకరు. మనిషికొక్కసారి — టక్ — అని కొట్టుకుంటుంది.

నేను విన్నది విన్నట్టు చెబుతున్నాను. చీకట్లో ఆ చెట్టు కింద పొడుగు కోటు వేసుకున్న ఆకారం ఒకటి నిలబడుతుంది. మీరు దాటుతుంటే టోపీ ఎత్తుతుంది. దాటాక... వెనకాల అడుగులు. మీరు ఆగితే ఆగుతాయి. మీరు పరిగెత్తితే పరిగెత్తుతాయి.

యుద్ధం నుంచి తిరిగిరాని సిపాయి అంటాడు మాంసం కొట్టాయన. కాదు, పెళ్లికూతురు రాక చర్చి మెట్ల మీదే ప్రాణం వదిలిన పాస్టరు అంటుంది పోస్టాఫీసావిడ. ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. అది టోపీ ఎత్తితే మనమూ తల ఊపి వెళ్లిపోవాలి. దెయ్యమైనా సరే, మర్యాద మర్యాదే.

ఈ సంగతి మార్నీ వోజిక్‌కి ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి అసలు ఎవరైనా ఆమెతో మాట్లాడితే కదా.

మార్నీది అమెరికాలో ఒహాయో. ఏడొందల ఏళ్ల కిందటి ఇంగ్లండు గొర్రెల మీద పరిశోధన చేద్దామని సెప్టెంబరులో వచ్చింది. వస్తూ వస్తూ రెండు పెద్ద పెట్టెలూ, ఎదురైన వాళ్లందరికీ పంచడానికి సరిపడా నవ్వూ తెచ్చుకుంది. వాళ్ల ఊళ్లో కిరాణా కొట్టు వరసలో నిలబడితే, తన వంతు వచ్చేలోగా ముందున్నావిడ మోకాలి ఆపరేషను సంగతంతా తెలిసిపోతుంది. ఇక్కడ రోడ్డు మీద "హాయ్, ఎలా ఉన్నారు?" అంటే ఎదుటివాళ్లు పర్సు ఉందో లేదో తడుముకున్నారు.

యూనివర్సిటీలో ఆమె గదిలో ఇంకో నలుగురు కూర్చుంటారు. మొదటిరోజే ఒకతను టీ తాగుతారా అని అడిగాడు. "వద్దండీ, నాకు అలవాటు లేదు" అంది మార్నీ, ఉన్న మాట. అంతే. ఆ తర్వాత పొద్దస్తమానం ఆ గదిలో టీ తిరుగుతూనే ఉంది గానీ ఆమె బల్ల దగ్గర ఆగలేదు. టీ ఆగని చోట మాటా ఆగదు. రోజూ ఎవరో ఒకరు "ఇవాళ చలిగా ఉంది కదూ" అనేవారు. "అవును" అనేది. అక్కడితో సరి.

ఇంటికొస్తే వేణ్నీళ్లకొక కుళాయి, చన్నీళ్లకొక కుళాయి. ఒకదాని కింద చేయి పెడితే కాలుతుంది, ఇంకోదాని కింద పెడితే కొంకర్లు పోతుంది. "ఈ దేశంలో గోరువెచ్చగా ఏదీ ఉండదు" అని అద్దంలో తనతోనే చెప్పుకునేది. కొన్నాళ్లకు తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. అప్పుడు భయమేసింది. డిసెంబరు మొదట్లో ఇంటికి టికెట్ కొనుక్కుంది — వెళ్లడానికే, తిరిగి రావడానికి కాదు. చిన్నప్పట్నుంచీ కలగన్న చదువు సగంలో వదిలేస్తున్నానని తెలిసే కొంది. ఆ రాత్రి దిండు తడిసేలా ఏడ్చింది కూడా. ఇక శుక్రవారం ప్రొఫెసర్‌కి చెప్పడమొక్కటే మిగిలింది.

గురువారం పొద్దున టోస్టు మీద చిక్కుడు గింజలు వేసుకు తింటూ, తను అద్దెకుంటున్న ఇంటావిడతో మాట కలపడానికి చివరి ప్రయత్నం చేసింది.

"మిసెస్ హెప్‌వర్త్, చర్చి వెనక గేటుకు కాస్త నూనె వేయించాలండీ. నేను దాటాక మళ్లీ ఇంకోసారి కొట్టుకుంటోంది."

ఇంటావిడ కప్పు నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"ఆ బాటన వస్తున్నావా, తల్లీ?"

"రోజూ. దగ్గర కదా."

"చీకటి పడ్డాకా?"

"ఇక్కడ చీకటి పడనిదెప్పుడు?"

మిసెస్ హెప్‌వర్త్ కప్పు దించింది. కిటికీ తెర సర్దింది. పిల్లి కూడా వినకూడదన్నట్టు గొంతు తగ్గించి అంతా చెప్పింది. చెట్టు, కోటు, టోపీ, అడుగులు. ఇన్ని నెలల్లో ఆవిడ అంతసేపు మాట్లాడటం అదే మొదలు. మార్నీకి దెయ్యం కన్నా అదే ఎక్కువ ఆశ్చర్యంగా ఉంది.

"నాకెప్పుడూ కనబడలేదే" అంది.

"తల దించుకుని నడుస్తావు. నీ అదృష్టం. ఇవాళ మాత్రం బస్సులో రా, తల్లీ."

ఒహాయోలో దెయ్యమంటే అక్టోబరు చివర గుమ్మడికాయకు కళ్లు తొలిచి, పిల్లలకు చాక్లెట్లు పంచే వ్యవహారం. పైగా రేపోమాపో పోయేదాన్ని, నన్నేం చేసుకుంటుందిలే అనుకుంది. సాయంత్రం ఆ బాటనే పట్టింది.

కానీ తెలియక నడవడం వేరు, తెలిసి నడవడం వేరు.

ఆ రోజు మంచు. చర్చి గోపురం సగం దాకా ఉంది, ఆపైన లేదు. వీధి దీపాలు వెలుగుతున్నాయన్న మాటే గానీ, వాటి కిందకు వెళ్తే తప్ప కనబడటం లేదు. చెట్టు దగ్గరికి వచ్చేసరికి తన ఊపిరి తనకే వినిపిస్తోంది. చూడకూడదు... చూడకూడదు... అనుకుంటూనే చూసింది.

ఉంది.

పొడుగు కోటు. చెట్టు మొదట్లో, కదలకుండా. చేయి మెల్లగా లేచింది... టోపీ లేచింది.

మార్నీ పైప్రాణాలు పైనే పోయాయి. పరిగెత్తమని కాళ్లకు చెప్పింది, కాళ్లు వినలేదు. పనిచేసింది నోరొక్కటే. పుట్టిన ఊరు నేర్పిన విద్య కష్టకాలంలో దానంతటదే బయటికొచ్చింది. చేయి ముందుకు చాచి —

"హాయ్... నా పేరు మార్నీ. ఒహాయో నుంచి వచ్చాను. మీరెలా ఉన్నారు?"

టోపీ మళ్లీ తల మీదకు దిగింది.

తర్వాత, ఊలు తొడుగు వేసుకున్న చేయి ఒకటి ఆమె చేతిని పట్టుకుంది. వెచ్చగా ఉంది.

"క్రాబ్‌ట్రీ" అంది ఆకారం, దగ్గుతూ. "డగ్లస్ క్రాబ్‌ట్రీ. మీ వెనకవీధే. చాలా... చాలా సంతోషం."

దగ్గర నుంచి చూస్తే ముసలాయన. ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది. చంకలో మడిచిన పేపరు, నోట్లో పిప్పరమెంటు బిళ్ల. దెయ్యాలు పిప్పరమెంటు చప్పరించవని మార్నీకి నమ్మకం కుదిరింది.

"మిస్, మీకు ఇబ్బంది లేకపోతేనే... అస్సలు ఇబ్బంది లేకపోతేనే సుమండీ... గేటుదాకా మీతో నడవొచ్చా?"

"రండి. ఇంత చలిలో ఇక్కడెందుకు నిలబడ్డారు?"

ఆయన సమాధుల వైపు ఓరగా చూసి, గొంతు బాగా తగ్గించాడు.

"ఈ బాటలో దెయ్యం ఉందంటారు. ఒక్కడినే వెళ్లాలంటే నాకు భయం."

నడుస్తూ, ఆగుతూ, అడుగడుగునా క్షమాపణలు చెప్పుకుంటూ మొత్తం చెప్పాడు. భార్య పోయినప్పట్నుంచీ మధ్యాహ్నాలు ఇంట్లో ఉండలేడు. ఊళ్లోకి వెళ్లి, పేపరు కొని, పబ్బులో అర గ్లాసు బీరు ముందు పెట్టుకు కూర్చుంటాడు. లేచేసరికి చీకటి. పెద్దరోడ్డు చుట్టు మోకాళ్లకు పడదు. అందుకని చెట్టు కింద నిలబడి, ఎవరైనా వస్తే టోపీ ఎత్తి, వాళ్లు దాటాక మర్యాదగా కాస్త దూరంలో వెనకే నడుస్తాడు.

"తోడు రమ్మని అడగొచ్చుగా?"

"పరిచయం లేనివాళ్లని ఎలా అడుగుతాను, మిస్?"

"మరి వాళ్లు ఆగితే ఆగడం?"

"దాటిపోతే బాగుండదు కదా."

"పరిగెత్తడం?"

"ముందు పరిగెత్తేది వాళ్లే. ఏదో చూసే పరిగెత్తుతున్నారని నేనూ..."

మార్నీ నవ్వింది. ఆపుకోలేక, సమాధి రాయి పట్టుకుని మరీ నవ్వింది. ఎన్ని వారాలైందో అలా నవ్వి. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడగడానికి సిగ్గుపడి, బతికున్న మనిషి ఊరందరికీ దెయ్యమైపోయాడు.

నవ్వు తగ్గాక తన సంగతీ చెప్పింది. వెళ్లిపోతున్నానని, మళ్లీ రానని.

"చలిగా ఉంది కదూ — అదొక్కటి తప్ప నాతో ఎవరూ ఏమీ మాట్లాడలేదు, మిస్టర్ క్రాబ్‌ట్రీ."

ముసలాయన ఆగిపోయాడు. నిజంగానే దెయ్యాన్ని చూసినట్టు చూశాడు.

"అదే కదా మిస్, మాట్లాడటమంటే. చలి ఉందో లేదో వాళ్లకు తెలియకనా? తలుపు కొట్టడం అది. మీరేమనేవారు?"

"అవును అనేదాన్ని."

"అయ్యో. మొహాన తలుపేసేశారు."

"మరేమనాలి?"

"నిన్నటికన్నా నయం అనండి. రేపు ఇంకా ముదురుతుందట అనండి. ఏదో ఒకటి. టీ ఇస్తే తీసుకోండి. తాగకపోయినా పట్టుకుని కూర్చోవాలి."

మార్నీకి రోజూ వచ్చి తలుపు కొట్టిన ఆ నలుగురూ గుర్తొచ్చారు. ఎంత ఓపిక వాళ్లకు, ఎన్ని రోజులు కొట్టారు. రేపు ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లే ముందు ఆ గదిలో ఒక కప్పు టీ పట్టుకుని కూర్చోవాలి, తర్వాతి సంగతి తర్వాత అనుకుంది. ఇన్నాళ్లూ ఒంటరిగా బిక్కుబిక్కుమంటూ నడిచిన బాట ఇదేనా అనిపించింది.

గేటు వచ్చింది. మీరు ముందు అన్నట్టు చేయి చూపించాడాయన. మార్నీ దూరింది.

టక్.

అవతల నిలబడి వెనక్కి చూసింది. క్రాబ్‌ట్రీ రావడం లేదు. పక్కకు ఒదిగి, టోపీ చేత్తో పట్టుకుని, ఎవరికో దారిచ్చినట్టు నిలబడ్డాడు.

"రండి" అంది మార్నీ.

"ముందు ఆవిడని రానివ్వండి."

"...ఎవరిని?"

"మీతో వచ్చినావిడని."

ముసలాయన ఇబ్బందిగా కాళ్లు మార్చుకున్నాడు. గొంతు గుసగుసలోకి దిగింది.

"రోజూ చూస్తూనే ఉన్నాను, మిస్. మీరు వచ్చిన కొత్త నుంచీ. మీ వెనకే వస్తారు, చేయి చాస్తే అందేంత దగ్గరగా. మీ వెనక నేనెప్పుడూ నడవనిది అందుకే. ఇద్దరు ఆడవాళ్ల వెంట పడితే బాగుంటుందా? ఇవాళైనా నాకు పరిచయం చేస్తారేమోనని దారంతా చూశాను..."

ఆయన వెనక బాట. బాట మీద మంచు. ఇంకేమీ లేదు.

ఇనప గేటు మెల్లగా కదిలింది. ఎవరో జాగ్రత్తగా, చప్పుడు కాకూడదని తోసినట్టు... అలా వచ్చి... అలా తిరిగి...

టక్.

క్రాబ్‌ట్రీ మర్యాదగా తల వంచాడు.

ఒంటరిదాన్ని, ఈ ఊళ్లో నాకెవరూ లేరు అని ఏడ్చిన రాత్రులన్నీ మార్నీకి గుర్తొచ్చాయి. పరిగెత్తాలో, కేక వేయాలో తోచలేదు. తనకు వచ్చింది ఒక్కటే. ఎదుట ఉన్న ఖాళీలోకి మెల్లగా చేయి చాచింది.

"హాయ్..." అంది. "నా పేరు మార్నీ."

కాసేపటికి ఆమె అరచేతిలోకి చల్లదనం ఒకటి వచ్చి ఆగింది. చెవి పక్కనే, బిడియంగా, ఎన్నో ఏళ్లుగా వాడని గొంతుతో ఎవరో ఆడమనిషి —

"ఇవాళ మంచు మరీ ఎక్కువగా ఉంది... కదూ?"