విడి సామాను

ఉదయం పదీ ఇరవైకి రేవు పక్క గోదాములో గేటు గుమాస్తా చనిపోయాడు. అట్టపెట్టెలు బిగించే ప్లాస్టిక్ పట్టీ అతని మెడకు బిగించి ఉంది. విదేశాల్లో ఉద్యోగం ముగించుకుని ఇంటికి తిరిగొచ్చేవాళ్ళ సామాను ఆ గోదాములో నిలవ ఉంచుతారు. గుమాస్తా అక్కడ పనిచేస్తూనే ఇంటెలిజెన్స్‌కి కబుర్లు చేరవేసేవాడు. చివరిసారి ఫోనులో ఒక్క ముక్కే చెప్పాడు: "పింగాణీ దిగింది."

పింగాణీ అంటే బాంబు.

కాసేపటికి గోదాము వెనక ఆగిన లారీ క్యాబిన్‌లో బ్రీఫింగ్ మొదలైంది. స్టీరింగ్ ముందు డ్రైవరు వేషంలో చీఫ్. పక్కన కూలీ చొక్కాలో ఏజెంట్. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని నత్త అంటారు. ఏ ఊళ్ళోనూ ఇల్లు లేదు. ఉన్నదంతా వీపు మీది సంచీలోనే.

"గుమాస్తాని బయటికి తెచ్చేశాం. అట్టపెట్టెలో పట్టాడు," అన్నాడు చీఫ్. "టార్గెట్ గోదాము కాదు. గోడ అవతల పెట్రోలు ట్యాంకులు. ఇది పేలితే రేవు మొత్తం పోతుంది. పొద్దున్న దిగింది ఒక్క కంటెయినరే. ఒక వెల్డింగ్ ఫోర్‌మన్ సామాను. పాపం, అతనికేం తెలీదు. విదేశంలో ప్యాకింగ్ చేసినవాళ్ళలో బాంబు ముఠా మనిషి ఒకడున్నాడు. ఇక్కడ ఇంకొకరు."

"ఫోర్‌మన్ ఎక్కడ?"

"ముందు గదిలో. పెళ్ళాంతో సహా."

"పంపించేద్దామా?"

"పంపిస్తే ఇక్కడున్న మనిషికి అనుమానం వస్తుంది. పారిపోతే బాంబు ఆపేవాళ్ళుండరు. కూర్చోనీ."

"పేలితే?"

"పేలితే మనల్ని అడిగేవాడూ మిగలడు. దిగు."

ముందు గదిలో ఫోర్‌మన్, అతని భార్య బెంచీ మీద కూర్చుని ఉన్నారు.

"ఆ వాషింగ్ మెషీన్ వద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాను," అంటోంది భార్య. "కట్టే ఇంటికి ఇంకా పైకప్పే లేదు. ఎక్కడ పెడతారు, మీ నెత్తి మీదా?"

"కొన్నది నేను, మోసేది కూలీలు. మధ్యలో నీకేంటే బరువు?" ఫోర్‌మన్ నత్త వైపు తిరిగాడు. "అన్నా, సామాను ఎప్పుడు చూపిస్తారు?"

"ఇన్సూరెన్స్ మేడమ్ సర్వే చేస్తున్నారు. కదలకండి, మీ సంతకం కావాలి."

సంతకం ఎవరికీ అక్కర్లేదు. వాళ్ళు మాత్రం బెంచీ మీద సర్దుకుని కూర్చున్నారు. నత్త లోపలికి వెళ్ళి ఇనుప జాలీ తలుపు జరిపాడు.

లోపల మేస్త్రీ, కూలీలు ఫోర్‌మన్ సామానులో సర్వే అయినవాటికి మళ్ళీ తెల్ల ప్లాస్టిక్ చుట్టి వరసగా పేరుస్తున్నారు. సర్వేయర్ మేడమ్ నల్ల కళ్ళద్దాలు తలపైకి తోసి ఫొటోలు తీస్తోంది. ఆమె కూడా ఇంటెలిజెన్స్ మనిషే. చేర్పించింది నత్తే.

"కూలీ వేషం నప్పింది నత్తగారూ," అంది పెదవులు కదలకుండా. "దేని మీద అనుమానం?"

"నువ్వే చూసి చెప్పు."

ఆమె కుర్చీ కాలి మీద గీత చూసింది, రాసుకుంది. బీరువా మూల చెక్కు లేచింది, రాసుకుంది. వాషింగ్ మెషీన్‌కు ముందు వైపు పిడికిలి పట్టేంత సొట్ట. దాన్ని దాటి వెళ్ళిపోయింది.

"అంతా బాగానే ఉంది. ఇంకోచోట సర్వే ఉంది, వస్తాను."

క్లెయిము దగ్గర సర్వేయర్లు గరిటె వంకర కూడా వదలరు. నత్త మెషీన్ పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. టోపీలో కుట్టిన డిటెక్టర్ కణత దగ్గర వణికింది. అతను వెనక్కి వచ్చి జాలీ తలుపుకు తాళం వేశాడు.

"ఎప్పట్నుంచి?"

ఆమె బుకాయించలేదు. "నువ్వు నన్ను చేర్చుకోకముందు నుంచి." వాచీ చూసుకుంది. "టైమరు నడుస్తోంది. నాలుగు నిమిషాలుంది. ఆపే రిమోటు నా దగ్గరుంది. తలుపు తియ్యి, గేటు దాటాక ఆపుతాను."

నత్త బేడీలు తీశాడు. ఒకటి ఆమె మణికట్టుకు, రెండోది మెషీన్ చుట్టూ బిగించిన ఇనుప పట్టీకి.

"ఇక్కణ్ణుంచే ఆపు."

"పిచ్చా నీకు? బయట ఆ మొగుడూ పెళ్ళాలున్నారు!"

"వాళ్ళను కూర్చోబెట్టింది నేనే."

ఆమె అతని ముఖం చూసింది. నమ్మింది. "పౌడరు డబ్బాలో ఉంది. నా బ్యాగు ఇలా ఇవ్వు. ఆ డ్రెస్సింగ్ టేబుల్ మీద పెట్టాను."

డ్రెస్సింగ్ టేబుల్ అక్కడ లేదు. చుట్టేసి పేర్చేశారు.

"మేస్త్రీ! దాని మీదున్న నా బ్యాగేది?"

"పెట్టెలో వేసి మూసేశామండీ."

"నా బ్యాగు మూసెయ్యడమేంటయ్యా!"

"మీరే కదా మేడమ్, విడి సామాను కనిపిస్తే క్లెయిములన్నీ కొట్టేస్తానని పోయిన నెల మా మీద ఎగిరారు? అప్పట్నుంచి ఏది కనబడితే అది లోపలేస్తున్నాం. మొన్న నా చెప్పులు కూడా ఎవరి మంచంతోనో వెళ్ళిపోయాయి."

"ఏ పెట్టెలో వేశారు?"

"ఖాళీ ఉన్నదాంట్లో వేశామండీ. అన్నీ ఒకేలా ఉన్నాయి."

నత్త కత్తి తీశాడు. మొదటి పెట్టె కోసి తలకిందులు చేశాడు. పళ్ళేలు నేల మీద పడి ముక్కలయ్యాయి. రెండో పెట్టెలో గోడ గడియారం, గాజు గ్లాసులు. కూలీలు పెట్టెలు అందిస్తున్నారు, అతను కోసి కుమ్మరిస్తున్నాడు. దారికి అడ్డొచ్చిన టీవీని కాలితో తోశాడు.

ఫోర్‌మన్ జాలీ పట్టుకుని ఊపుతున్నాడు. "ఒరేయ్, నా సామాన్రా! ఎనిమిదేళ్ళు నిప్పుల్లో పనిచేశాన్రా!"

"ఆపమనండీ! ఎవరైనా ఆపమనండీ!" భార్య గొంతు జీరపోయింది.

"ఆ మూలది! కాదు, పక్కది!" మేడమ్ అరుస్తోంది. లాగి లాగి మణికట్టు నెత్తురు కారుతోంది.

బ్యాగు కుక్కరు పెట్టెలో దొరికింది. నత్త పౌడరు డబ్బా తీసి, ఆమె చెయ్యి అందీ అందనంత దూరంలో పట్టుకున్నాడు.

"అక్కడ ప్యాకింగ్ చేసినవాడి పేరు?"

"చచ్చిపోతాం!"

"పేరు."

ఆమె మెషీన్ వైపు చూసింది, జాలీ అవతల ఉన్న ఇద్దరి వైపు చూసింది, అతని వైపు చూసింది. పేరు చెప్పింది. ఊరు కూడా చెప్పింది. నత్త డబ్బా ఇచ్చాడు. ఆమె అద్దం వెనక మీట నొక్కింది. మెషీన్ మూత ఎత్తి చూస్తే టైమరు రెండు సెకన్ల దగ్గర ఆగి ఉంది.

చెవిలో చీఫ్ గొంతు వినిపించింది. "ఆగిందా?"

"ఆగింది. పేరు కూడా వచ్చింది."

"ఆమె?"

"మెషీనుకు కట్టి ఉంది."

"మంచిది. విప్పకుండా అలాగే ఎక్కించండి."

మధ్యాహ్నం అన్ని వైపులా మూసిన లారీ ఒకటి గోదాము గేటు దాటింది. విదేశంలోని ప్యాకర్ ఆ వారంలోనే పట్టుబడ్డాడు. గుమాస్తా పని చేస్తుండగా జారిపడి చనిపోయాడని అతని ఇంటికి కబురు వెళ్ళింది. పగిలిన సామానుకు ఫోర్‌మన్ క్లెయిము పెట్టుకున్నాడు. నెల తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి జవాబొచ్చింది. సర్వేయర్ సంతకం లేనందున క్లెయిము తిరస్కరించారు.