సిగ్నే గిన్నె

లేవకండమ్మా, పడుకునే ఉండండి. గిన్నె ఈ బల్ల మీద పెడుతున్నాను. ప్రభువు మీకు తోడుండాలి. తినేలోపు ఒక సంగతి చెప్తాను, వింటారా? నలుగురికీ చెప్పుకోవడం నాకు మొదట్నుంచీ ఇష్టం.

మన చర్చి ఆడవాళ్ల పద్ధతి తెలుసుగా. ఎవరికి తుంటి విరిగినా, కాన్పయినా, సాయంత్రానికల్లా గుమ్మంలో వేడి గిన్నెలు వరసకడతాయి. అడుగున టేపు ముక్క మీద పేరు. తిన్నాక కడిగి, ఎవరి గిన్నె వాళ్లకు మన చేత్తోనే ఇచ్చి రావాలి.

నాకు మనసు చెదిరినప్పుడు మాత్రం గుమ్మంలో మంచు తప్ప ఏమీ లేదు.

నవంబరు అది. గోడల్లోంచి ఎవరో నన్ను పేరుపెట్టి పిలిచేవారు. మనసు డాక్టరుండేది మూడు గంటల దూరంలో. మార్చి దాకా ఖాళీ లేదన్నారు.

"చర్చిలో నడుం నొప్పని చెప్పాను," అన్నాడు మా ఆయన వెండెల్.

"మరి గిన్నెలేవీ? నడుం నొప్పికి ఇద్దరైనా తేవాలే."

"నీ వేళాకోళానికేం తక్కువ లేదు, ఆర్డిస్. మార్చి దాకా ఓపిక పట్టు."

చర్చి స్నేహితురాలు లవాన్ ఫోన్ చేసింది. "నీకోసం ప్రార్థిస్తున్నామే. కాస్త నవ్వుతూ తిరుగు, అదే పోతుంది."

నేను ప్రార్థన మానిందెప్పుడమ్మా? మోకాళ్లు కాయలు కాచాయి.

ఒక సాయంత్రం, చీకటి పడుతుండగా తలుపు చప్పుడైంది. ఎవరూ లేరు. మెట్టు మీద పొగలు కక్కుతున్న గిన్నె. మాంసం, నూడుల్స్, పైన ఎర్రగా కాలిన బంగాళాదుంపలు. వెండెల్ రెండుసార్లు వడ్డించుకున్నాడు.

"ఉప్పు లేదు గానీ బావుంది. ఎవరిది?"

గిన్నె తిప్పి, అడుగున పేరు చూశాను. సిగ్నే.

మా వీధి చివరింటి సిగ్నే. తనకీ గొంతులు వినిపించేవి. ఆ గుమ్మానికి ఒక్క గిన్నె కూడా వెళ్లలేదు. రెండేళ్ల కిందట రాత్రి బట్టల్తోనే పొలాల్లోకి నడిచిపోయింది. మంచు కరిగాక శవమై దొరికింది.

"పాత గిన్నె ఎవరింట్లోనో ఉండిపోయి ఉంటుందిలే," అన్నాడు వెండెల్.

ఆనాటి నుంచి గోడలో గొంతు నా పేరు పిలవడం మానేసింది. ఒకటే మాట. గిన్నె... గిన్నె...

వెండెల్‌కి చెప్పాను. "మార్చి దాకా," అన్నాడు.

మర్నాడు చీకటి పడేవేళ గిన్నె కడిగి పట్టుకెళ్లాను. సిగ్నే మెట్ల మీద మంచు చెదరలేదు. ఒక్క అడుగు గుర్తు లేదు. కానీ వంటింట్లో దీపం... ఉల్లిపాయలు వేగుతున్న వాసన. దాని వెనకే, తడి మట్టి వాసన.

తలుపు తెరుచుకుంది.

"నాకెవరూ తేలేదు, ఆర్డిస్..."

"తెలుసు, సిగ్నే."

"లోపలికి రా. ఇక్కడ... మార్చి దాకా ఆగక్కర్లేదు."

మార్చిలో ఆసుపత్రి వాళ్లు ఫోన్ చేశారు. "ఆవిడకి ఇక అవసరం లేదండీ," అన్నాడు వెండెల్. నేను పక్కనే ఉన్నాను. చెయ్యి పట్టుకున్నాను. చలేసినట్టు స్వెట్టర్ దగ్గరికి లాక్కున్నాడు.

సరే, నా సోదికేం. మీకెప్పుడు రమ్మన్నారమ్మా, ఆ మనసు డాక్టరు? జూన్‌లోనా? అయ్యో తల్లీ...

తినండి, వేడిగా ఉంది. ఏమిటీ, తలుపు గడియ వేసే ఉందా? ఉండనివ్వండి.

అడుగున నా పేరుంది. గిన్నె మాత్రం మీరే తెచ్చివ్వాలి.