తీర్పు దాకా ఆగిన మాట

కోపమొస్తే నాకు ముందూ వెనకా కనబడదు. లేకపోతే నా ఫైలు చేతిలో పట్టుకున్న అమ్మాయిని, అదీ మొదటిసారి చూస్తూనే, "మీకు మనసనేది ఉందాండీ?" అని అడుగుతానా?

ఆవిడ శిశు సంక్షేమ ఆఫీసులో వైద్యఖర్చుల సెక్షన్ ఆఫీసరు. నేను కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసేవాణ్ణి. ఫోస్టర్ కేర్ అనే తాత్కాలిక పెంపకం కింద మూడు వారాలు ఉంచుకోమని నాకిచ్చిన పాప రెండేళ్ళుగా నా దగ్గరే ఉంది. దానికిప్పుడు ఆరేళ్ళు. పోయినసారి గుండె ఆపరేషన్‌కి ఎవరో అధికారి వచ్చి సంతకం పెట్టాడు. "మీరేమవుతారు?" అని నర్సు అడిగితే ఏమీ కానని చెప్పాల్సొచ్చింది. రెండు నెలల్లో ఉన్న ఆపరేషన్‌కి తండ్రిగా నేనే సంతకం పెట్టాలని దత్తతకి పరుగులు తీశాను. కోర్టు వచ్చే మంగళవారానికే తేదీ ఇచ్చింది. ఈవిడేమో వాయిదా అడగమంటోంది!

"ఆలస్యం అమృతం విషం అంటారండీ."

"నిదానమే ప్రధానం అని కూడా అంటారు," అంది ఆవిడ, ఫైల్లోంచి తలెత్తకుండా. "ఇప్పుడు పాప వైద్యమంతా ప్రభుత్వం ఖర్చు. జడ్జిగారు సంతకం పెట్టిన క్షణం నుంచి మీది. మీ షాపు ఇన్సూరెన్స్ వాళ్ళేమన్నారు?"

"ముందునుంచీ ఉన్న జబ్బుట. మాకు సంబంధం లేదన్నారు."

"చూశారా? దత్తత అయ్యాక కూడా పద్దెనిమిదేళ్ళ దాకా వైద్యం మేమే చూసేలా ఒప్పందం రాసుకోవచ్చు. కానీ తీర్పుకి ముందే రాసుకోవాలి. ఒక్కరోజు ఆలస్యమైనా ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఆరు వారాలు ఆగండి."

నా మొహం మాడిపోయింది. "సారీ అండీ."

"ఫర్వాలేదు. ఈ వారంలో నన్ను తిట్టినవాళ్ళలో మీరు తొమ్మిదోవారు," అని నవ్వింది. కిటికీ అవతల వాన మొదలైంది. నవ్వు ముందా, వాన ముందా అంటే ఇప్పటికీ చెప్పలేను.

కోర్టులో వాయిదా తీసుకున్నాను. ఆ తర్వాత నేను నేలమీద నడిచిన గుర్తు లేదు. డాక్టరు రిపోర్టు ఇవ్వడానికో, జీతం కాగితం ఇవ్వడానికో వెళ్ళేవాణ్ణి. ఇచ్చేశాక కూడా కాసేపు నిలబడేవాణ్ణి. షాపులో ఒక పెద్దాయన అద్దాలు కుడిది ఎడమకీ, ఎడమది కుడికీ బిగించాను. "ముందు నీ కళ్ళు చూపించుకోరా," అన్నాడు ఓనరు.

మా ఇల్లు చూసి రిపోర్టు రాయడానికి ఆవిడ వచ్చిన రోజు పాపే ఇంటర్వ్యూ చేసింది.

"మీకెన్ని ఆపరేషన్లయ్యాయి?"

"ఒక్కటీ కాలేదు."

"అయ్యో పాపం!" అని పాప తన బిస్కెట్టు సగం విరిచి చేతిలో పెట్టింది.

ఆవిడకి ఆ సగం బిస్కెట్టు తినడానికి చాలాసేపు పట్టింది. వంటింటి గుమ్మంలోంచి మా అమ్మ నావైపు చూసి కనుబొమలెగరేసింది.

బస్టాపు దాకా ఇద్దరికీ ఒకటే గొడుగు. నా ఎడమ భుజం తడిసి ముద్దయింది. ఆ తడి కూడా ఎంత బాగుందో!

"మీతో ఒక మాట చెప్పాలి…"

"ఇప్పుడు చెప్పకండి," అంది చటుక్కున. "చెబితే మీ ఫైలు నా దగ్గరుండకూడదు. ఇంకొకరి బల్ల మీదకెళ్తే మళ్ళీ మొదటికొస్తుంది. ఆపరేషన్‌లోగా మీరు తండ్రి కాలేరు."

"నేనేం చెప్పబోతున్నానో మీకెలా తెలుసు?"

"తెలియకపోతే ఆపేదాన్నా?"

బస్సొచ్చింది. ఆవిడ వెళ్ళిపోయింది. నేను గొడుగు ముడిచేసి, వానలో ఈలేసుకుంటూ ఇంటికొచ్చాను.

ఒప్పందం మీద సంతకాల రోజు ఆవిడ పెన్ను అందించింది. వేళ్ళు తగలకుండా ఇద్దరం తెగ జాగ్రత్తపడ్డాం. నాలుగు రోజుల తర్వాత తీర్పు వచ్చింది. పాపని ఎత్తుకుని కోర్టు బయటికొస్తే, మెట్ల కింద ఆవిడ నిలబడి ఉంది.

"మీ ఫైలు మూసేశాను. ఇంక మీకు నేను ఆఫీసర్ని కాను."

ఇన్నాళ్ళూ బట్టీపట్టిన మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. "ఇంకో పదిరోజుల్లో పాప ఆపరేషన్," అన్నాను.

"తెలుసు. ఆ వారమంతా సెలవు పెట్టాను."

"ఆఫీసు పనిమీదా?"

"ఆఫీసు పనికి ఎవరైనా సెలవు పెడతారా, పిచ్చి మాలోకం?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "మీరంటే నాకు చాలా ఇష్టం. ఆ ఆపరేషనంటే చాలా భయం," అనేశాను.

"నాకూ అంతే," అంది పాప వైపు చేతులు చాచి. "రెండూ."