నడిమి గోడ మీద టకటక

గోదావరిఖనిలో ఆ రేకుల క్వార్టర్ల వరసకు పేరు చెడి చాలా ఏండ్లయింది. చివర తాళం వేసి ఉన్న ఇల్లే దానికి కారణం. గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే ముత్యం ఆ ఇంట్లో ఉండేవాడు. ఒక రాత్రి పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. ఆయన భార్య తన పుట్టినూరికి పోయిందన్నారు. ఇంటికి తాళం పడింది. అయినా... చీకటి పడ్డాక లోపల గిన్నె కదిలిన చప్పుడు వస్తుందట. ఎవరో దగ్గుతారట.

భయపడినవాళ్లు ఒక్కొక్కరే ఖాళీ చేశారు. ఆ తాళం ఇంటిని ఆనుకుని ఉన్న శాంతిరాజ్ కుటుంబం మాత్రం మిగిలింది.

దెయ్యాలకు రాత్రి కావాలంటారు. నైట్ షిఫ్టు మనిషికి రాత్రి ఎక్కడిది? పగలే అతని రాత్రి. ఊరంతా మెలకువగా ఉన్నప్పుడు అతనొక్కడే కండ్లు మూసుకోవాలి. ఆ భయం వేరు.

శాంతిరాజ్ ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో డంపర్ నడుపుతాడు. ఇల్లంత బండి. చలికాలం మొదట్లో ఒక తెల్లవారుజామున స్టీరింగ్ పట్టుకునే కునికాడు. కండ్లు తెరిచేసరికి ముందు చక్రం గని అంచున పోసిన మట్టికట్ట ఎక్కి ఉంది. అవతల లోయ. కింద మిషన్ల దగ్గర మనుషులు, చీమలంత...

"నిద్ర బాగుపడాలె. లేకపోతే నిన్ను బండెక్కనియ్య," అన్నాడు డాక్టరు. "ఇంకోసారి కునికితే నువ్వొక్కనివే పోవు."

షిఫ్టు సగం దాటాక చాయ్ బంద్. ఇంటికొచ్చాక టీవీ బంద్. ఫోను చేతిలో ఉండొద్దు. కిటికీలకు నల్లగుడ్డ. రోజూ ఒకటే వేళకు పడక. ఇంతకాలం టీవీ మోగుతుంటే తప్ప పడుకోని మనిషికి ఇది శిక్షే. బడిలో పాఠాలు చెప్పే భార్య సుగుణమణి నిద్రను కొలిచే గడియారం కొనుక్కొచ్చి అతని చేతికి కట్టింది. గురకను రికార్డు చేసే యాప్ ఫోనులో పెట్టి, ఆ ఫోనును దూరంగా అల్మారా మీద ఉంచింది.

"నా మాట ఎన్నడు వినకపోతివి. గడియారం మాటన్న విను," అంది.

మొదటి రోజు. భార్య బడికి పోయింది. గది గనిలా చీకటి. ఎంత నిశ్శబ్దమంటే చెవులు గుయ్యిమన్నాయి. ఎప్పుడు నిద్ర పట్టిందో తెలియదు...

టక్... టక్... టక్...

శాంతిరాజ్ దిగ్గున లేచి కూర్చున్నాడు. బనియన్ తడిసి ముద్దయింది. చప్పుడు తలవైపు నుంచి వచ్చింది. నడిమి గోడ నుంచి... తాళం ఇంటి వైపు నుంచి.

ఇంకొకరైతే ఎలుక అనుకుని మళ్లీ పడుకునేవారు. కానీ శాంతిరాజ్ డంపర్ ఎక్కకముందు ముత్యంతో కలిసి భూమి లోపలి గనిలో దిగినవాడు. అక్కడ పని మొదలుపెట్టే ముందు పైకప్పును కర్రతో కొట్టి చూస్తారు. గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. బోలుగా మోగిందా... ఇక ఆలోచించేది లేదు, ఉరకాలి. ముత్యం అట్లా కొట్టి చూసి ఎందరి ప్రాణాలో కాపాడాడు.

ఈ చప్పుడు బోలుగా ఉంది.

లుంగీ మీదనే బయటికి ఉరికాడు. మిట్టమధ్యాహ్నపు ఎండ. పక్కింటి తలుపుకు తుప్పు పట్టిన తాళం. దాని మీద సాలెగూడు కూడా చెదరలేదు.

"ముత్యమన్న గోడ కొడుతున్నడు," అన్నాడు సాయంత్రం. "నన్ను లేచి ఉరకమంటున్నడు."

"నీ గురకకు చచ్చినోళ్లు కూడ లేస్తున్నరేమో," అంది సుగుణమణి. "గందుకే నీకు షిఫ్టు లేని రాత్రి నేను అవతలి గదిల పండుకునేది."

రెండో రోజూ అదే టకటక. ఈసారి చప్పుడు వెనకాలే ఒక గుసగుస... అతను ఇక కన్ను మూయలేదు. టీవీ పెట్టుకుని, చాయ్ మీద చాయ్ తాగుతూ, వీపును గోడకు దూరంగా పెట్టుకుని కూర్చున్నాడు.

బడి నుంచి వచ్చిన సుగుణమణికి అతని ఎర్రటి కండ్లు చూసి నవ్వు పోయింది.

"నిద్రే లేకుండ ఇయ్యాల బండెక్కుతవా? కింద ఉన్నోళ్లు మనుషులు కాదా?"

"పండుకుంటే ఆయనొస్తున్నడు..."

"ఎవలొస్తున్నరో విందాం." ఆమె ఫోను తీసింది.

ముందు గురక. పెరిగింది... ఇంకా పెరిగింది... తెగిపోయింది.

ఏమీ లేదు.

"ఫోను ఆగిందా?" అన్నాడు.

"నడుస్తనే ఉంది..." ఆమె తెర చూపించింది. "ఆగింది ఫోను కాదు. నీ ఊపిరి."

ఇద్దరూ ఫోను మీదికి వంగారు. ఎంతసేపటికీ ఏమీ వినపడలేదు. బతికున్న మనిషి తన చావును తాను వింటున్నట్టుంది. అప్పుడు—

టక్... టక్... టక్...

"లే కొడుకా... లే..."

వెంటనే నీళ్లలో మునిగి తేలినవాడిలా అతని రొప్పు.

మాట్లాడింది ముత్యం కాదు. ఆడగొంతు.

సుగుణమణి వద్దంటున్నా టార్చి పట్టుకుని లేచాడు. చీకట్లో వెనక సందులోకి పోయాడు. పక్కింటి వెనక తలుపుకు తాళం లేదు. వేలితో తోశాడు. లోపలి నుంచి... గంజి వాసన.

"లైటు ఆర్పు బిడ్డా... ఎవలన్న చూస్తరు."

నడిమి గోడకు ఆనుకుని, చేతికర్రతో ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. సారవ్వ. ముత్యం భార్య.

ఆమె ఎటూ పోలేదు. పోవడానికి ఎవరూ లేరు. మనిషి పోయాక కంపెనీ క్వార్టరు ఖాళీ చెయ్యాలి కదా. అందుకే ముందు తలుపుకు బయట తాళం వేసి, వెనక తలుపున మసలుతూ, చీకటి పడ్డాకే గిన్నె కదిలిస్తూ బతుకుతోంది. ఏండ్లకేండ్లు బొగ్గు తీసి దేశానికి వెలుగిచ్చినవాడి భార్య! దీపం పెట్టుకోవడానికి జంకి, బతికుండగానే దెయ్యమైంది.

"మమ్మల్ని ఎల్లగొట్టనీకి కొట్టినవా అవ్వా?"

"చప్పుడు చేస్తె దొరికిపోయేది నేనే కాదా? ఇన్నొద్దులు నీ టీవీ మోతల ఏం ఇనబడలె. ఇప్పుడు నీ గురక ఇనబడుతున్నది... ఆగుడు గూడ ఇనబడుతున్నది. ఎట్ల ఊకోను?"

శాంతిరాజ్ టార్చి ఆర్పి ఆమె పక్కన కూర్చున్నాడు. సారవ్వ గుసగుస ఇంకా సన్నబడింది.

"మా ఆయనకు గూడ గిట్లనే ఆగింది."

"అప్పుడు నువ్వు... ఏడున్నవ్?"

"పక్కనే ఉన్న, మెలకువతోటి. ఇయ్యాల మనిషి జర సల్లగ పండుకున్నడు అనుకున్న బిడ్డా... అటు మర్లి, నేను గూడ పండుకున్న."