ఏడో బకిల్

సింగపూర్‌లో క్రాంజీ యుద్ధ శ్మశానం బయట, బస్‌స్టాప్ బెంచీ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఢిల్లీ గూఢచారి శాఖకి రహస్యాలు చేరవేసే సుధాకరరావు చనిపోయాడు. మెడ మీద సూది గుచ్చిన గుర్తు తప్ప ఏమీ లేదు. ఆయన్ని అక్కడ కలవాల్సిన ఏజెంట్ గణపతి ఎక్కిన బస్సు ఆరు నిమిషాలు ఆలస్యమైంది.

"ఆ మీటింగ్ సంగతి ఎవరెవరికి తెలుసు?" ఢిల్లీ నుంచి ఫోన్‌లో చీఫ్ మారయ్య అడిగాడు.

"ఆయనకి, నాకు, కాత్యాయనికి."

"కాత్యాయని మన మనిషి. ఇక విను. విశాఖ జలాంతర్గాముల సోనార్ కోడ్ పోయింది. మైక్రోఫిల్మ్ శనివారం మూడింటికి లిమ్ పాతసామాన్ల స్టాల్లో చేతులు మారుతుంది, పాత జర్మన్ బెల్టు బకిల్లో దాచి. అది గాని దాటిపోతే సముద్రం అడుగున మనవాళ్లు ఎక్కడున్నదీ శత్రువుకి తెలిసిపోతుంది. పని కాగానే నేను 'మకాన్ అయిందా?' అని అడుగుతా. అయిందంటే ఫిల్మ్ దొరికినట్టు."

సింగపూర్‌లో భోజనాన్ని మకాన్ అంటారు. చీఫ్‌కి కోడ్‌వర్డ్‌లన్నీ తిండి చుట్టూనే తిరుగుతాయి.

అది 1999. వైటూకే పుణ్యమా అని టాంపినీస్‌లో ఏ లిఫ్ట్ ఎక్కినా ఇద్దరు తెలుగు ప్రోగ్రామర్లు తగిలేవారు. ఆ గుంపులో కలిసిపోవడానికి గణపతికి ఆఫీసు ఒక ఫ్లాట్‌ని, ఒక పెళ్లి ఫోటోని, ఒక భార్యని ఇచ్చింది. భార్య కాత్యాయని. ఆమె లిఫ్ట్ ఎక్కితే నాలుగో అంతస్తులో దిగాల్సినవాళ్లు పన్నెండుదాకా వెళ్లేవారు. కోడ్ దొంగిలించిన ముఠాకు పనిచేస్తున్నట్టు నటించే డబుల్ ఏజెంట్. పక్కింటివాళ్లు వినాలని గణపతిని "ఏవండీ" అని పిలిచేది. ఎనిమిది నెలల్లో అతను ఆ పిలుపుకి అలవాటు పడ్డాడు. చెప్పకేం, ప్రేమించాడు.

శుక్రవారం సాయంత్రం ఆమె వంటింట్లో చింతపండుతో ఇత్తడి దీపపు కుంది తోముతూ చెప్పింది.

"మూడో బకిలండీ. ఇనపది, బూడిద రంగు. అందులోనే ఫిల్మ్."

శనివారం మూడుకి పది నిమిషాలుండగా గణపతి పాత వస్తువులు పోగుచేసే కలెక్టర్ వేషంలో లిమ్ స్టాల్ ముందున్నాడు. తెల్లగడ్డం, చేతిలో భూతద్దం, నడుముకి నకలు ఇత్తడి బకిల్. దాని లోపల ట్రాన్స్‌మిటర్. ట్రేలో వరసగా పన్నెండు బకిళ్లున్నాయి.

ముఠా ఆ స్టాల్‌కి వస్తోందన్న అనుమానంతో మూడు నెలలుగా ఇదే వేషంలో తిరుగుతూ, లిమ్ అంకుల్ దగ్గరే అతను బకిళ్ల విద్య నేర్చుకున్నాడు. మొదటి యుద్ధం తొలిరోజులవి ఇత్తడివి, మధ్యలో కిరీటం బిళ్ల విడిగా అతికించి ఉంటుంది. ఇత్తడి కరువయ్యాక ఇనుముకి బూడిద రంగు పూశారు. వెనక కొక్కెం చూడాలి, అతుకు చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, తోమకూడదు. ఆ నలుపే దాని వయసుకి సాక్ష్యం.

మూడోది తీశాడు. ఒకే రేకు. అతుకు లేదు, బోలు లేదు. అందులో ఏమీ దాచలేరు.

కాత్యాయని పొరబడిందేమో అనుకున్నాడు. అలా అనుకోవాలనే ఉంది.

"అంకుల్, ఈ ఏడోది ఏంటి?"

"నిన్న ఎవరో ఇచ్చి వెళ్లారు. సో షైనీ. స్పాయిల్ చేసేశారు లా," అన్నాడు లిమ్ బాధగా.

కిరీటం చుట్టూ రాసిన 'దేవుడు మాతో ఉన్నాడు' అనే జర్మన్ మాట బంగారంలా మెరుస్తోంది. వెనక కొక్కెం సందులో సన్నటి పీచు. గణపతి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చింతపండు.

ప్రపంచంలో ఏ కలెక్టరూ ఆ పని చేయడు. తన ఫ్లాట్‌లో ఒక మనిషి ప్రతి శుక్రవారం చేస్తుంది. క్రాంజీ బస్‌స్టాప్‌లో ఏం జరిగిందో కూడా అప్పుడే అర్థమైంది.

"ఏడోది నాకివ్వండి." వెనక నుంచి ఇంగ్లీషులో ఒక తెల్లదొర గొంతు. మూడయింది.

గణపతి బకిల్ చేజార్చాడు. వంగి లేచేసరికి నకలుది ట్రేలో ఉంది, అసలుది అతని గుప్పిట్లో. ఆ తెల్లదొర నకలు పట్టుకుని గుమ్మం దాటకముందే మఫ్టీ పోలీసులు అతన్ని చుట్టుముట్టారు.

కింద హాకర్ సెంటర్ తిండి దుకాణాల దగ్గర కాత్యాయని టిష్యూ ప్యాకెట్ పెట్టి అతనికి కుర్చీ 'చోప్' చేసి, అంటే ఇంకెవరూ కూర్చోకుండా ఆపి ఉంచింది. అతను గడ్డం పీకేసి అందులో కూర్చున్నాడు.

"మూడోది కాదు. ఏడోది. చింతపండుతో తోమావు."

ఆమె తన వేళ్లకేసి చూసుకుంది. "వేలిముద్రలు పోవాలని తోమాను. చేతిలో ఇత్తడి పడితే ఆ అలవాటు పోదు."

"సుధాకరరావు గారిని?"

"చోటు చెప్పాను. చంపేస్తారనుకోలేదు. మా చెల్లి సుస్మిత వాళ్ల చేతుల్లో ఉంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు నిజంగా నా మొగుడైతే చెప్పేదాన్ని."

ఫోన్ మోగింది. "మకాన్ అయిందా?"

"అయింది సార్."

"అందులో పెట్టింది ఎవరు?"

గణపతి ఆమెకేసి చూశాడు. చుట్టుపక్కల తెలుగువాళ్లెవరూ లేరు. అయినా ఆమె అంది, "చెప్పేయండి, ఏవండీ. సుస్మితని విడిపించమని కూడా చెప్పండి."

అతను రెండూ చెప్పాడు.

పది రోజులకి సుస్మిత క్షేమంగా దొరికింది. కాత్యాయనిని ఏ జైల్లో పెట్టారో అడిగే హక్కు గణపతికి లేదు, అతను మొగుడు కాదు. కాపురం సామానంతా తిప్పి పంపమని ఢిల్లీ నుంచి ఫాక్స్ వచ్చింది. తాళాలు, ఉంగరాలు, పెళ్లి ఫోటో పంపాడు. ఇత్తడి కుంది మాత్రం పోయిందని రాశాడు. ఇరవై ఏళ్ల సర్వీసులో అతను ఆడిన అబద్ధాలన్నీ శత్రువులు నమ్మారు. ఇదొక్కటే చీఫ్ నమ్మలేదు, అయినా సామాను జాబితా మీద సంతకం పెట్టేశాడు.