అన్నయ్య కంటైనర్

"పసిపిల్లల వార్డుకి ఆక్సిజన్ నడిపే సర్వర్ అది. ఒక్కో ప్రోగ్రామ్‌ని ఒక్కో డబ్బాలో పెట్టి నడిపే కంటైనర్ సాఫ్ట్‌వేర్ పాతది, దానికో కన్నముంది. విదేశీ ముఠా ఆ కన్నంలోంచి దూరి ఇవాళ ఆక్సిజన్ ఆపేస్తుంది. ఈలోపే అప్‌గ్రేడ్ చెయ్యాలి," అన్నాడు చీఫ్. కాస్త ఆగి, "మీ అన్నయ్య పోయింది ఆ సర్వర్ రూమ్‌లోనే. వెళ్లగలవా?"

"వెళ్తాను సార్," అంది ఏజెంట్ పిచ్చుక.

ఒక మాట దాచింది. పోయిన అన్నయ్య దగ్గర్నుంచి ఆమె ఫోన్‌కి రోజూ మెసేజ్ వస్తూనే ఉంది: "తిన్నావా చెల్లీ?" ఆ సర్వర్‌లో అతను పెట్టుకున్న చిన్న కంటైనర్, ఆపేవాళ్లు లేక పంపుతూనే ఉంది.

ఏసీ మెకానిక్ వేషంలో సర్వర్ రూమ్‌లో అడుగు పెట్టగానే సెంటు గుప్పుమంది. మిత్రదేశపు ఏజెంట్. అందగత్తె. అందరూ సెంటు మేడం అంటారు. అన్నయ్యతో ఇక్కడే పనిచేసింది.

"ఏసీ కారుతోందా?" అంది పిచ్చుక.

"లేదు, ఏడుస్తోంది."

కోడ్ సరిపోయింది.

ఫ్యాన్ల హోరు, ఎవరో వెనక నిలబడి ఊపిరి పీలుస్తున్నట్టుంది. అన్నయ్య కుర్చీ అక్కడే ఉంది. అందులో కూర్చోలేక నిలబడే టైప్ చేసింది. వార్డులో నర్సులు పిల్లలకి చేత్తో గాలి బ్యాగులు నొక్కడం మొదలుపెట్టారు. కంటైనర్లన్నీ ఆగాయి. అన్నయ్యది కూడా. పాత సాఫ్ట్‌వేర్ తీసేసింది.

"డేటా ఫోల్డర్ కూడా తుడిచెయ్యమ్మా! పాత చెత్త ఉంటే కొత్తది ఎక్కదు. త్వరగా, అవతల పసివాళ్లు!" అంది మేడం.

పసివాళ్లనేసరికి పిచ్చుక ఇంకేమీ ఆలోచించలేదు. తుడిచే కమాండ్ టైప్ చేసేసింది. వేలు ఎంటర్ మీదికి వెళ్లింది.

చెవిలో అన్నయ్య గొంతు, పని నేర్పిన రోజుల్లో విసుక్కున్నట్టే: "పొయ్యి మారిస్తే గిన్నెలు పారేస్తామా, పిచ్చిమొహమా?"

కంటైనర్లన్నీ ఉన్నది ఆ ఫోల్డర్‌లోనే. ఆక్సిజన్‌ది కూడా.

వేలు వెనక్కి తీసుకుంది. "మేడం, పని తెలిసినవాళ్లెవరూ ఆ ఫోల్డర్ ముట్టుకోమనరు. మా అన్నయ్య చెప్పలేదా మీకు?"

"చెప్పాడు." మేడం లిప్‌స్టిక్ ఎత్తింది. కొసన తూటా. "అదే అతని ఆఖరి మాట."

పిచ్చుక చేతిలోని టెస్టర్ ముందే ఆమె మణికట్టుకి తగిలింది. అది మామూలు టెస్టర్ కాదు. తూటా సీలింగ్‌లోకి, మేడం షాక్ కొట్టి అన్నయ్య కుర్చీలోకి.

కొత్త వెర్షన్ ఎక్కింది. అదే క్షణంలో ముఠా సర్వర్ తలుపు తట్టింది. స్క్రీన్ మీద ఎర్రక్షరాలు: అనుమతి లేదు. ఆక్సిజన్ కంటైనర్ లేచింది.

ఇంటర్‌కమ్‌లో నర్సు: "వచ్చిందమ్మా గాలి! మా చేతులు పడిపోయాయనుకో!"

వాచీలో చీఫ్: "శభాష్. అక్కడ మీ అన్నయ్య కంటైనర్ ఒకటుంది. నాకు తెలుసులే. దాన్ని పీకెయ్. రూల్ అది."

"పీకేశాను సార్."

జేబులో ఫోన్ టింగుమంది. తిన్నావా చెల్లీ?

"ఏంటా చప్పుడు?"

పిచ్చుక ముక్కు తుడుచుకుంది. "ఏసీ సార్. ఏడుస్తోంది."