స్కేలు పక్కన పిచ్చుక

"నేను దొంగని కాదని మా అక్కకి తెలియాలండీ. సాయంత్రం లోపల తెలియాలి," అన్నాడు వచ్చినతను, ఇంకా కుర్చీలో కూర్చోకుండానే.

పిన్నిగారు ముందు అతన్ని కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగమన్నారు. అతను గ్లాసు ఒక్క గుక్కలో ఖాళీ చేశాడు.

పిన్నిగారు లోకానికంతటికీ పిన్ని కాదు. ఆవిడ నడిపే డిటెక్టివ్ ఆఫీసులో అసిస్టెంటుగా ఉన్న పొడుగాటి మనిషికి మాత్రం సొంత పిన్ని, వాళ్ళమ్మ చెల్లెలు. ఇన్సూరెన్స్ కంపెనీ ఉద్యోగం వదిలేసి ఆవిడ దగ్గర చేరినప్పుడు, ఆఫీసులో వరసలు పెట్టి పిలవొద్దనీ, మేడమ్ అనాలనీ ఆవిడ గట్టిగానే చెప్పారు. కొన్నాళ్ళు బుద్ధిగా అన్నాడు. తర్వాత ఒక క్లయింటు ఎదుట నోరుజారాడు. ఆ క్లయింటు కూడా పిన్నిగారూ అనేశాడు. ఇక అదే ఖాయమైపోయింది. అసిస్టెంటుకి ఆవిడంటే ప్రాణం. తన గొడుగు ఎక్కడ మరిచిపోయిందో తెలియకపోయినా, ఎదుటివాడి అబద్ధం ఎక్కడ మొదలైందో పిన్ని ఇట్టే పట్టేస్తుందని అడగనివాళ్ళకి కూడా చెబుతుంటాడు.

వచ్చినతను డిజైనర్. అక్కాతమ్ముళ్ళు కలిసి ఒక చిన్న కంపెనీ నడుపుతున్నారు. అక్క యజమాని. ఆవిడ భర్త అమ్మకాలు చూస్తారు. ఏళ్ళ తరబడి తలబద్దలు కొట్టుకుని, అరచేతిలో ఇమిడిపోయే కంప్యూటర్ ఒకటి తయారుచేశారు. ఇంకా విడుదల చేయలేదు. చిన్నగా, గోధుమరంగులో ఉంటుందని ఆఫీసులో అందరూ దాన్ని పిచ్చుక అంటారు. దుకాణాల్లోకి వెళ్ళేదీ ఆ పేరుతోనే. అయితే నిన్న పొద్దున ఒక వెబ్‌సైటులో దాని ఫొటోలు ప్రత్యక్షమయ్యాయి. ముందువైపు, వెనకవైపు, మూత తీస్తే కనిపించే బ్యాటరీతో సహా. ఇది నీ పనేనని బావ ముఖం మీదే అన్నాడట. ఐదింటికి మీటింగు. అందులో అతన్ని కంపెనీ నుంచి తప్పిస్తారు.

"మీ అక్క ఏమన్నారు?" అడిగారు పిన్నిగారు.

"ఏమీ అనలేదండీ. తిట్టినా బాగుండేది."

"మీ మీదే ఎందుకొచ్చింది బాబూ అనుమానం?"

అతను సంచిలోంచి ఒక పిచ్చుకను తీసి బల్లమీద పెట్టాడు. "దీన్ని ఇంటికి తీసుకెళ్ళాను. బయటికి తీసుకెళ్ళకూడదు. వాచ్‌మన్ చూశాడు. మా పాపది ఎడమచేతి వాటం. దాని చేతిలో ఇది ఎలా ఉంటుందో చూద్దామని. బావ నమ్మలేదు. అక్క దాకా ఆ మాట పోనివ్వలేదు."

పిన్నిగారు దాన్ని తిప్పి చూశారు. వెనకవైపు నక్షత్రం ఆకారంలో జిగురు మరక ఉంది. తీసుకెళ్ళిన మొదటి రోజే పాప స్టిక్కరు అంటించిందనీ, స్టిక్కరు ఊడింది గానీ మరక ఏం చేసినా పోలేదనీ అతను సిగ్గుపడుతూ చెప్పాడు. బొత్తాలన్నీ కుడివైపే ఉన్నాయి. పాప వాటితో నానా అవస్థా పడిందట. అది చూశాకే బొత్తాలు మార్చాలని పట్టుబట్టి, విడుదల వాయిదా వేయించాడట.

ఈలోపు అసిస్టెంటు ఫోన్లో ఆ వెబ్‌సైటు తెరిచాడు. అచ్చం ఇదే పిచ్చుక. ఒక తెల్లటి బల్లమీద, పక్కనే స్టీలు స్కేలు. పిన్నిగారు ఆ స్కేలు వైపు చాలాసేపు చూశారు.

"ఇదెందుకు పెట్టాడంటావు?"

"సైజు తెలియడానికి పిన్నీ," అన్నాడు అసిస్టెంటు.

"దొంగతనంగా ఫొటో తీసేవాడికి అంత తీరికేమిటి?" అని ఆవిడ కింద రాసిన వార్త చదవడం మొదలుపెట్టారు. అందులో ఆ వస్తువుకి ఒక మోడల్ నంబరు మాత్రమే ఉంది. పేరు తెలియరాలేదని కూడా రాశాడు. పిన్నిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అలా తుడుచుకున్నారంటే దారి దొరికినట్టేనని అసిస్టెంటు నమ్మకం. నిజానికి కళ్ళజోడుకి మరకలైనా తుడుచుకుంటారు.

కంపెనీ ఒక పాత భవనంలో రెండో అంతస్తులో ఉంది. మెట్లెక్కగానే గోడమీద క్యాలెండరు. అందులో మొన్నటి తేదీ చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, దాన్ని కొట్టేసి, వచ్చే నెలలో ఇంకో సున్నా చుట్టారు. మొన్ననే విడుదల కావాల్సిందని, ఇప్పుడు వచ్చే నెలకి పోయిందని లోపలి నుంచి వచ్చిన అక్క చెప్పింది. అప్పుడే పిచ్చుక పెట్టెలొచ్చాయంటూ అట్టపెట్టెలు దించిన డ్రైవరుకి ఎడమచేత్తో సంతకం పెట్టిచ్చి, పిన్నిగారిని తన గదిలోకి తీసుకెళ్ళింది. మనిషి రాత్రంతా నిద్రపోనట్టుంది.

తమ్ముణ్ణి నేరుగా ఎందుకు అడగలేదని పిన్నిగారు అడిగారు.

"వాడి బూట్ల లేసులు కట్టి బడికి పంపింది నేనండీ. అడిగాక వాడు అవునంటే? ఆ తర్వాత ఏం చెయ్యాలో నాకు తెలీదు. అందుకే అడగలేదు," అందామె.

బావగారిది మర్యాదగల మాట, ఇస్త్రీ నలగని చొక్కా. వాయిదా పడ్డాక దుకాణాలకీ, పెట్టెలు చేసేవాళ్ళకీ, ప్రకటనల వాళ్ళకీ కొత్త తేదీ చెప్పింది తనేనని, ఒక్కరినీ వదల్లేదని కాస్త గొప్పగానే చెప్పారు. బావమరిది మీద తనకేం కక్ష లేదట. మనసు కష్టపెట్టుకుని మరీ చెప్పాల్సి వచ్చిందట. ఈ వస్తువుని పరీక్షించిన ల్యాబు ఎక్కడని పిన్నిగారు అడిగితే, అడ్రసు చెబుతూనే, వాళ్ళ పని ఎప్పుడో అయిపోయిందన్నారు. మెట్లదాకా సాగనంపుతూ మళ్ళీ అదే ఎత్తుకున్నారు.

"ల్యాబుకి వెళ్ళి లాభం లేదండీ. మీకు శ్రమ తప్ప."

"నా శ్రమ గురించి ఇంత బెంగ పెట్టుకున్నవాళ్ళు ఈమధ్య ఎవరూ లేరు," అన్నారు పిన్నిగారు వీధిలోకి వచ్చాక, ఆటో ఆపుతూ. "పద, ల్యాబుకే వెళదాం."

ల్యాబులో ఒక గదికి గోడలనిండా నీలం స్పాంజి ముళ్ళు. గాల్లో పంపే సంకేతాలు ఎంత బలంగా ఉన్నాయో అక్కడ కొలుస్తారని మేనేజరు ఓపిగ్గా చెప్పింది. ఆ పక్క గదిలో తెల్లటి బల్ల, పైన దీపం, బల్లకి దారంతో కట్టేసిన స్టీలు స్కేలు. ఎవరో ఎప్పుడూ జేబులో వేసుకుని పోతుంటే విసుగొచ్చి కట్టేశారట. అసిస్టెంటు నోరు తెరవబోతే పిన్నిగారు అతని కాలు తొక్కారు. తర్వాత మేనేజరుతో తేదీల గురించి కాసేపు విడిగా మాట్లాడి, ఐదింటికి రమ్మని బతిమాలి ఒప్పించారు.

తిరుగుదారిలో ఆ వెబ్‌సైటు నడిపే మనిషికి ఫోన్ చేశారు. అతను దాచుకోవడానికేమీ లేనివాడిలా గలగలా మాట్లాడాడు. పొద్దున్నే లేచి ప్రభుత్వ వైర్‌లెస్ శాఖ వెబ్‌సైటులో కొత్తగా పెట్టిన కాగితాలు చూడటం తన అలవాటట. ఇలాంటి బుల్లి కంప్యూటర్ల కోసం ఎదురుచూసే తనలాంటి పిచ్చివాళ్ళు బోలెడుమంది ఉన్నారట. అయితే చాలామంది ఒకటే అడుగుతున్నారట, ఎడమచేతి వాటం వాళ్ళ సంగతేమిటని. దానికి తన దగ్గర జవాబు లేదు.

"దాని పేరేమిటో మీకు తెలుసా?" అడిగారు పిన్నిగారు.

"అదే తెలీట్లేదండీ. మీకు తెలిస్తే చెప్పండి, పుణ్యముంటుంది."

ఐదింటికి అందరూ అక్క గదిలో చేరారు. తమ్ముడు తలుపు దగ్గర నిలబడ్డాడు, కూర్చోమని ఎవరూ అనలేదు గనక. పిన్నిగారే ఒక కుర్చీ లాగి అతని వెనక వేశారు. తర్వాత పాప ఆడుకున్న పిచ్చుకను బల్లమీద బోర్లా పెట్టి, పక్కనే వెబ్‌సైటులోని ఫొటో ఉంచారు.

"ఇతను ఇంటికి తీసుకెళ్ళింది ఇదే. దీని వీపు మీద మరక ఉంది. ఫొటోలోని దానికి లేదు. అంటే ఆ ఫొటో దీనిది కాదు."

"ఆఫీసులో ఇంకా ఉన్నాయి కదండీ," అన్నారు బావగారు.

"ఉన్నాయి. అయితే ఇక్కడున్నవాళ్ళెవరైనా దీన్ని అమ్ముకోవాలనుకుంటే ముందు పేరు అమ్ముకుంటారు. వార్త రాసినాయనకి పేరే తెలీదు. నంబరొక్కటే తెలుసు. పిచ్చుక అన్న మాట తెలియని మనిషి ఈ ఆఫీసులో ఉన్నాడా? పెట్టెలు దించే డ్రైవరు కూడా అదే అంటున్నాడు. ఇక ఆ స్కేలు. అది ల్యాబులో బల్లకి కట్టేసి ఉంది. ఫొటోలు అక్కడ తీశారు, దొంగతనంగా కాదు, పద్ధతి ప్రకారం."

అసలు సంగతి ఆవిడ తాపీగా విప్పారు. గాల్లో సంకేతాలు పంపే ఏ వస్తువైనా అమ్మకానికి ముందు పరీక్ష చేయించుకోవాలి. ఆ కాగితాలు, ఫొటోలతో సహా, వైర్‌లెస్ శాఖ అందరూ చూసేలా పెడుతుంది. విడుదల దాకా ఫొటోలు దాచిపెట్టమని తయారీదారు కోరవచ్చు. కోరినప్పుడు తేదీ చెప్పాలి. వీళ్ళు చెప్పిన తేదీ మొన్నటిది. విడుదల వచ్చే నెలకి జరిగింది. దాచిపెట్టే గడువు మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది. మొన్నటితో అది తీరింది. నిన్న పొద్దున ఫొటోలు వాటంతటవే బయటికొచ్చాయి, రోజూ చూసే మనిషి చూశాడు.

"ఎవరూ దొంగిలించలేదు," అన్నారు పిన్నిగారు. "మీరే తలుపుకి గడియారం కట్టి, ఆ సంగతి మరిచిపోయారు."

అక్క రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. "ఆ కాగితం మీద సంతకం నాది. అయితే తప్పు నాదే."

"సంతకం మీదే. కానీ గడువు తీరిపోతోందని ఎవరూ గుర్తు చెయ్యలేదా అని ల్యాబులో అడిగాను."

ల్యాబు మేనేజరు ఇబ్బందిగా కదిలింది. గడువు పెంచాలా అని రెండుసార్లు మెయిలు పంపామనీ, అమ్మకాలు చూసే ఆయనకే పంపామనీ, జవాబు రాలేదనీ చెప్పింది.

బావగారి చొక్కా ఇస్త్రీ మాత్రం నలగలేదు, మనిషే నలిగిపోయారు.

"ల్యాబు పని అయిపోయిందనుకున్నాను. ఏదో బిల్లు అయుంటుందని తెరవలేదు. నిన్న ఫొటోలు వచ్చాక తెరిచాను. అప్పుడు చెబుదామంటే నోరు రాలేదు," అన్నారాయన.

"వాడి పేరు చెప్పడానికి మాత్రం వచ్చిందా?" అంది అక్క. గొంతు పెంచలేదు. ఆయన కుర్చీలోంచి లేచారు. బావమరిది ఎదుటికి వెళ్ళి నిలబడి, తప్పు చేశాను, క్షమించమన్నారు.

తమ్ముడు వెంటనే కరిగిపోలేదు. "నాకు కొన్నాళ్ళు కోపం ఉంటుంది బావా. అది తగ్గాక చూద్దాం," అన్నాడు. న్యాయమైన మాటేననిపించింది అసిస్టెంటుకి.

అక్క లేచి తమ్ముడి దగ్గరికి వెళ్ళింది. "అడగాల్సిందిరా. అడిగుంటే చెప్పేవాడివి. భయపడ్డాను, తప్పయిపోయింది."

పిన్నిగారు ఇంకొక్క మాట చెప్పి లేచారు. బయటపడింది బొత్తాలన్నీ కుడివైపున్న పాత పిచ్చుక. ఇతను మార్చిన కొత్తదాన్ని బయటివాళ్ళెవరూ ఇంకా చూడలేదు. ఎడమచేతి వాటం వాళ్ళ సంగతేమిటని అప్పుడే జనం అడుగుతున్నారు. వాళ్ళకి చెప్పడానికి వీళ్ళ దగ్గర జవాబుంది.

వీధిలోకి వచ్చాక పిన్నిగారికి గొడుగు గుర్తొచ్చింది. అసిస్టెంటు గొణుక్కుంటూ మళ్ళీ మెట్లెక్కాడు. అక్క గదిలో అక్కాతమ్ముళ్ళిద్దరే ఉన్నారు. తాళం వేసిన సొరుగులోంచి తీసిన కొత్త పిచ్చుక ఆమె ఎడమచేతిలో ఉంది. బొటనవేలు వెతక్కుండానే బొత్తం మీదికి వెళ్ళింది. ఇన్నేళ్ళుగా తన కంపెనీ వస్తువుల్ని తనే కుడిచేతికి మార్చుకుని పట్టుకుంటూ, ఒక్కసారీ అడగని మనిషి ఆమె.

"పాప కోసం మార్చానని ఇప్పుడేగా అన్నావు?" అంది, కళ్ళు తుడుచుకోకుండానే.

"పాపకి నీ పోలికే కదా అక్కా," అన్నాడు తమ్ముడు.

అసిస్టెంటు చప్పుడు కాకుండా గొడుగు తీసుకుని, మెట్లు దిగి వచ్చేశాడు.